ఎండ బల్లలు, నీడ పందిరి

తెలుగున చలువ యను మాట చిత్రమైనది. వైశాఖమాసమున వీథి మొగమున తాటాకులు కప్పి వేయు పందిరి చలువపందిరి. రేవున ఉదికి, ఇసుకతిన్నెపై పరచి, మండుటెండలో తెల్లదనము తేల్చి చాకలి తెచ్చియిచ్చు బట్టలు చలువబట్టలు. మొదటిది ఎండను ఆపునది, రెండవది ఎండయే చేసిపెట్టునది. రెండును ఒక్క మాటలో ఒదిగియున్నవి. అమెరికా దేశమున బేస్‌బాల్ ఆడు మైదానములలో కప్పు లేని చవుక బల్లలకు బ్లీచర్లు అను పేరు వచ్చినది కూడ ఈ చాకలిరేవు భావమునుండియే. బ్లీచ్ అనగా గుడ్డను ఎండకు పెట్టి తెల్లబరచుట. పందొమ్మిదవ శతాబ్దపు చివరి భాగమున, రంగు పూత లేక, పైన నీడ లేక, ఏడాది పొడుగున ఎండలో మాడి వెలవెలబోయిన చెక్కబల్లలను చూచి అక్కడి జనులు వానికి ఆ పేరు పెట్టిరి. ఆ బల్లలపై కూర్చుండువారికి సయితము పిదప ఆ పేరే అంటుకొనినది. బల్లను విడువని సూర్యుడు మనిషిని విడుచునా?

ఈ సంగతిని నేను చదివి తెలిసికొనకముందే ఒంటితో తెలిసికొంటిని. టెక్సాసు రాష్ట్రమున కాపురమున్న మా కుమార్తె యింటికి పోయినపుడు, జులై మాసమున ఒకనాటి సాయంకాలము మా అల్లుడు మమ్ములనందరను సమీపముననున్న ఒక చిన్న పట్టణపు మైదానమునకు ఆట చూపుటకై తీసికొనిపోయెను. ఆట ఆరున్నరకు. మనకు అది దీపములు పెట్టు వేళ. అచ్చట ఆ మాసమున ఎనిమిదిన్నర అయినగాని ప్రొద్దు క్రుంకదు. మా స్థానములు మొదటి బేసు వైపున, కప్పు ముగిసిన చోటికి ఆవల, పొడుగాటి అల్యూమినియపు బల్లలపైన. నిక్కరు తొడిగిన మా మనుమడు ఆ బల్లపై ఇట్లు కూర్చుండి అట్లు లేచి, "తాతయ్యా, కాలుతోంది!" అని నా ఒడిలోనికి ఎక్కెను. మాకెదురుగా, మూడవ బేసు వైపున, జనులు నీడలో కాళ్ళు చాపుకొని శనగకాయలు ఒలుచుకొనుచుండిరి. వారికి ప్రొద్దు వీపు వెనుక, మాకు కంటిలో. మా ప్రక్కన కూర్చున్న ఒక వృద్ధుడు, ఆట లెక్కలు వ్రాసికొను అట్టపై పెన్సిలుతో మైదానపు బొమ్మ గీచి, దానిపై పడమటినుండి ఒక బాణము వేసి, మా అల్లుని చేతికిచ్చెను. దానిని చూచి అతడు నాతో, "మామయ్యగారూ, టిక్కెట్లు కొనేటప్పుడు వెల చూశాను గాని దిక్కు చూడలేదండీ" అనెను. నాటినుండి ఈ దిక్కు విషయము నా మనస్సును వదలలేదు.

బేస్‌బాల్ మైదానము మన క్రికెట్టు మైదానమువలె నలువైపుల ఒక్క తీరుగ పరచుకొన్నది కాదు. ఒక మూలనుండి విసనకఱ్ఱవలె విప్పుకొన్నది. ఆ మూలనున్నది హోమ్ ప్లేటు; బ్యాటరు నిలుచు చోటు అదే. అతని కుడివైపు గీతపై మొదటి బేసు, ఎడమవైపు గీతపై మూడవ బేసు, ఎట్టయెదుట రెండవ బేసు, నడుమ మట్టిదిబ్బపై బంతి విసరు పిచ్చరు. ఆటకు ఏర్పడిన అధికార నియమావళిలో, హోమ్ ప్లేటునుండి పిచ్చరు దిబ్బ మీదుగా రెండవ బేసునకు పోవు రేఖ తూర్పునకును ఈశాన్యమునకును నడుమనుండు దిక్కునకు సాగుట వాంఛనీయమని ఒక వాక్యము కలదు. అది ఆజ్ఞ కాదు, వాంఛ మాత్రమే. పట్టణములలో వీథులు విడిచిన జాగాను బట్టి ఆ దిక్కు తప్పిన మైదానములు పెక్కు గలవు. అయినను ఆ యొక్క వాక్యమున ఈ ఆట యెండనీడల చరిత్ర యంతయు ఇమిడియున్నది. విద్యుద్దీపములు లేని కాలమున ఆట అపరాహ్ణమున సాగెడిది. గట్టి బంతిని సత్తువకొలది తనవైపు విసరుచుండగా, పడమటి ప్రొద్దునకెదురుగా నిలిచి దానిని చూడవలసిన బ్యాటరునకు అది ప్రాణములతో చెలగాటము. 1920 ఆగస్టు 16న న్యూయార్కు పోలో గ్రౌండ్స్ మైదానమున క్లీవ్‌లాండ్ జట్టువాడైన రే చాప్‌మన్ తలకు బంతి తగిలి, మఱునాటి తెల్లవారుజామున మరణించెను. మబ్బు కమ్మిన ఆ వేళ మట్టి పట్టిన ఆ బంతి అతని కంటికి ఆననే లేదని చూచినవారు తలచిరి. బంతి కనబడుట ఎంతటి విషయమో ఇందువలన బోధపడును. కావుననే బ్యాటరు వీపు పడమరకు, చూపు తూర్పునకు ఉండునట్లు మైదానమును త్రిప్పిరి.

ఇట్లు త్రిప్పిన పిమ్మట ఎండ ఎవరి పాలబడవలెనో అది తనంత తానే తేలిపోయినది. పిచ్చరు పడమరకు తిరిగి నిలువవలెను. కుడి మూల కాపు కాయువాడు సాయంకాలపు ప్రొద్దును నేరుగా చూడవలెను. హోమ్ ప్లేటు వెనుకను, మూడవ బేసు ప్రక్కను కూర్చున్నవారికి సూర్యుడు వెనుకకు పోవును గాన, కప్పు నీడయో, పై అంతస్తు నీడయో మొదట వారిపై వ్రాలును. మొదటి బేసువారు ప్రొద్దు వాలినకొలది చేతులు అడ్డము పెట్టుకొనవలసినదే. కుడి మూల బ్లీచర్లవారికి సూర్యాస్తమయమే నీడ. చూచువారి సుఖమునెంచి చేసిన ఏర్పాటు కాదిది. బ్యాటరు కంటికి కట్టిన రక్షాబంధనపు కొసదారము మూడవ బేసు జనుల తలలపై నీడయై పడినది, అంతే. పడమర మొగముగ నిలిచిన పిచ్చరునకు ఎడమచేయి దక్షిణమున నుండును గనుక, ఎడమచేతి పిచ్చరును దక్షిణపు పంజా యని యర్థమిచ్చు సౌత్‌పా అను పేరుతో పిలిచిరని ఒక కథ గలదు. ఆ మాట ఈ ఆటకంటె ముందే వాడుకలోనున్నట్లు పాత పత్రికలు చూపుచున్నవి గాన నేనా కథను నమ్మను. కాని కొత్తవానికి దిక్కు గుర్తుండుటకు అంతకు మించిన కొండగుర్తు లేదు.

ఎండ పడు ఆ మూలను ఆటగాండ్రు సన్ ఫీల్డు అందురు. మనము ఎండమూల యనవచ్చును. మిన్నునుండి దిగివచ్చు బంతి సూర్యబింబమున మునిగి మాయమగుటయు, మఱుక్షణమున భుజముననో నొసటనో తగులుటయు అచ్చట నిత్యకృత్యము. పిట్స్‌బర్గ్ జట్టునకు నాయకుడై పెక్కేండ్లు ఎడమ మూల కాచిన ఫ్రెడ్ క్లార్క్, వేలితో తాకినంతనే కన్నులపైకి దిగు నల్లకళ్ళద్దములను కల్పించెను. మహాఘటికుడైన బేబ్ రూత్ విషయము మఱింత విశదము. యాంకీ స్టేడియమున ఎండమూల ఎడమవైపున నుండుటచే అతడచ్చట కుడి మూల కాచెడివాడు. కుడివైపున ఎండ పడు ఊళ్ళకు పోయినపుడు ఎడమ మూలకు మాఱెడివాడు. అతని కన్నులు ఆ జట్టునకు ధనము. ఆ ధనమును సూర్యునకు అప్పగింపరాదు. అతనికి మాఱుగ ఎండ మ్రోసినవాడు అదే జట్టువాడైన బాబ్ మ్యూసెల్. ఒకని నీడకు వేఱొకడు ఎండ చెల్లించుట ఈ యాటలో మైదానము లోపలను వెలుపలను ఒక్కతీరే.

మొదటినుండి ఇట్లే యుండినదా యనిన, లేదు. న్యూయార్కునకు హడ్సన్ నది ఆవలి గట్టున, న్యూజెర్సీలోని హోబోకెన్ ఊరిలో ఎలీసియన్ ఫీల్డ్స్ అను ఉద్యానము ఉండెడిది. 1846 జూన్ 19న నికర్‌బాకర్ క్లబ్బువారు తాము వ్రాసికొన్న నియమములతో అచ్చట ఆడి, 23 – 1 తేడాతో చిత్తుగా ఓడిపోయిరి. ఆ తోటలో ప్రవేశమునకు వెల లేదు. నీడ నిచ్చినవి చెట్లు. ముందుగా వచ్చినవానిది మంచి కొమ్మ క్రిందిచోటు. 1862లో బ్రూక్లిన్‌లో విలియం కామెయర్ అను నతడు, చలికాలమున మంచుపై జారుడాటలాడు చెఱువు జాగాను చదునుచేయించి, చుట్టును కంచె కట్టించి, యూనియన్ గ్రౌండ్స్ అని పేరిడి, మనిషికి పది సెంట్లు పుచ్చుకొని లోనికి వదలెను. స్త్రీల కొఱకు బల్లలు వేయించి, ఒక పొడుగాటి కొయ్యకొట్టము నిలిపించెను. నా యెన్నికలో ఈ ఆటలో నీడకు కంచెయు వెలయు ఒక్కమాఱే పుట్టిన చోటది. శ్రీరామనవమి పందిరి క్రింద కూర్చుండి పానకము త్రాగుటకు టిక్కెట్టు ఎఱుగని మనకు ఇది కొంత చివుక్కుమనిపించును గాని, కంచెలేనిచో జట్టు లేదు, జట్టు లేనిచో ఆట వృత్తి కాజాలదు. 1876లో పుట్టిన నేషనల్ లీగు ప్రవేశమునకు ఏబది సెంట్లు నిర్ణయించెను; 1882లో దానికి పోటీగ వచ్చిన అమెరికన్ అసోసియేషను ఇరువదియైదు సెంట్లకే రానిచ్చెను. ఏ లీగైనను, కప్పు క్రిందికి పోవలెననిన పైన మఱికొంత చెల్లించవలసినదే. నీడ ఒక తరగతి అయినది.

ఆ కప్పులు కొయ్యవి. కొయ్యకు ఎండ శత్రువు కాదు, నిప్పు శత్రువు. బోస్టన్ నగరమున సౌత్ ఎండ్ గ్రౌండ్స్ అను మైదానమున 1888లో గోపురములు తీర్చి, రెండంతస్తులుగ, దూరమునకు కోటవలె కనబడునట్లు ఒక గ్రాండ్ పెవిలియను లేపిరి. 1894 మే 15న ఆట నడుచుచుండగనే, కుడి మూల బ్లీచర్ల క్రింద, చెత్తలో, నిప్పు రాజుకొనెను. ఎండ బల్లల క్రింద పుట్టిన ఆ మంట నీడ మేడను మ్రింగి, మైదానమును దాటి, చుట్టుప్రక్కల ఇన్నూఱు కట్టడముల వఱకు దగ్ధము చేసెను. చేసిన భీమా చాలలేదు. పాతదానివంటి మేడను మఱల కట్టుటకు సొమ్ము లేక, చిన్నదానితో సరిపెట్టుకొనిరి. ఒక్క అపరాహ్ణమున బోస్టన్ జనులు కోల్పోయిన నీడ ఇంతింత కాదు.

ఇట్టి మంటలు వేఱు ఊళ్ళలో కూడ రేగుటచే, ఇనుమును కాంక్రీటును శరణుజొచ్చిరి. 1909 ఏప్రిల్ 12న ఫిలడెల్ఫియాలో షైబ్ పార్కు, ఆ జూన్ 30న పిట్స్‌బర్గ్‌లో ఫోర్బ్స్ ఫీల్డు, 1912లో బోస్టన్‌లో ఫెన్‌వే పార్కు, 1914లో షికాగోలో నేడు రిగ్లీ ఫీల్డు అనబడునది, వరుసగ లేచినవి. వీని కప్పులు వెడల్పైనవి, లోతైనవి, నీడ ధారాళము. కాని కప్పును మోయుటకు ఇనుప స్తంభములు జనుల నడుమనే నాటిరి. ఫెన్‌వేలో నేటికిని కప్పు క్రింద, చెక్క కుర్చీలలో, పచ్చని స్తంభము వెనుక కూర్చున్నవాడు పిచ్చరును చూచిన బ్యాటరును చూడలేడు, బ్యాటరును చూచిన పిచ్చరును చూడలేడు. మెడను అటునిటు త్రిప్పుచు మూడు గంటలు గడపును. అయినను జులై ఎండలో ఆ కుర్చీని వదలుకొనువాడు లేడు. నాకు ఆ స్తంభములపై కోపము లేదు. అవియున్నంతకాలము పై అంతస్తు క్రిందివారి నెత్తిపైననే నిలిచి, వారికి గొడుగు పట్టినది.

దిక్కును, వెలను మించిన మఱియొక లెక్క ఆ దేశమున నుండెడిది. అది చర్మపు రంగు లెక్క. అలబామాలోని బర్మింగ్‌హామ్ నగరమున 1910 ఆగస్టు 18న తెఱచిన రిక్‌వుడ్ ఫీల్డు నేటికిని నిలిచియున్నది. వృత్తి బేస్‌బాల్ మైదానములలో అదియే దేశమున కెల్ల ప్రాచీనము. తెల్లవారి జట్టగు బ్యారన్స్ ఆడు దినమున నల్లజాతివారు ఆ పెద్ద కప్పు క్రిందికి పోరాదు. కుడి మూలనున్న ప్రత్యేకపు బ్లీచర్లలో కూర్చుండవలెను. నల్లజాతివారి జట్టగు బ్లాక్ బ్యారన్స్ ఆడు దినమున ఆ జనులే ఆ కప్పు క్రిందనే, తమకు నచ్చిన కుర్చీలో, పెండ్లికి వచ్చినవారివలె వస్త్రములు ధరించి కూర్చుండిరి. కప్పు అదే, ఎండ అదే, మనుష్యులు వారే. మాఱినది జట్టు చొక్కా. 1948లో ఆ బ్లాక్ బ్యారన్స్ పక్షమున ఆ పచ్చికపై పరుగెత్తిన పదునేడేండ్ల కుఱ్ఱవాడు విల్లీ మేస్. సెయింట్ లూయిస్‌లో స్పోర్ట్స్‌మన్స్ పార్కున నల్లజాతివారిని కుడి మూల పెవిలియనునకే కట్టిపెట్టు ఆచారము 1944 వఱకు సాగినది. అచ్చట తలపై కప్పు ఉండెడిది గాని, కోరిన చోట కూర్చుండు స్వాతంత్ర్యము లేదు. ఇష్టము వచ్చిన నీడలో కూర్చుండుట ఎంత పెద్ద హక్కో, ఊరి బావినీటి చరిత్ర తెలిసిన మన దేశమువారికి వేఱుగ చెప్పవలసిన పని లేదు.

ఎండనుండి తప్పించుకొను ఉపాయము ఎండ పోయిన తరువాత ఆడుటయే యని కొందఱు గ్రహించిరి. 1935 మే 24న సిన్సినాటిలో క్రాస్లీ ఫీల్డున, శ్వేతభవనమునుండి అధ్యక్షుడు రూజ్‌వెల్టు మీట నొక్కగా దీపములు వెలిగినవి. 20,422 మంది చూచుచుండగ మేజర్ లీగులలో మొదటి రాత్రి ఆట జరిగి, ఊరివారి జట్టు 2 – 1 తేడాతో గెలిచినది. తక్కిన ఊళ్ళును ఆ త్రోవనే పట్టినవి. షికాగో రిగ్లీ ఫీల్డువారు కూడ దీపస్తంభముల కొఱకు ఉక్కు తెప్పించిరి. ఇంతలో 1941 డిసెంబరు 7న పెర్ల్ హార్బరుపై దాడి జరుగగా, మఱునాడే ఆ ఉక్కును యుద్ధమునకు ఇచ్చివేసిరి. అచ్చటి దీపములు 1988 ఆగస్టున గాని వెలుగలేదు. నడుమ గడచిన దాదాపు నలువదియేడేండ్లు అక్కడి జనులు తమ ఊరి ఆటను పగటి వెలుగుననే చూచిరి. సముద్రమునకు ఆవల, జపానులో, ఒసాకా నగరమునకు చేరువనున్న కోషియెన్ స్టేడియమున మధ్యభాగపు ఆసనములపై ఒక మహత్తరమైన ఇనుప కప్పు ఉండెడిది. 1943లో, అదే యుద్ధమునకు, దానిని విప్పి ఇచ్చివేసిరి. ఒక తీరమున రాత్రిని, ఒక తీరమున నీడను మ్రింగినది ఒక్క యుద్ధమే.

యుద్ధానంతరము, స్తంభము కంటికి అడ్డమని, 1960 దశకమునుండి కొత్త స్టేడియములలో వానిని తీసివైచిరి. స్తంభము లేనిచో పై అంతస్తు క్రిందివారిపైకి ముందునకు సాగలేదు, వెనుకకు జరుగవలెను. చూపు తీరినది, నీడ పోయినది. బేస్‌బాల్‌కును ఫుట్‌బాల్‌కును కలిసివచ్చునట్లు ఊరూర గుండ్రని కాంక్రీటు గిన్నెలు వెలసినవి. సెయింట్ లూయిస్‌లో 1966లో తెఱచిన బుష్ స్టేడియమునకు అంచు చుట్టును తొంబదియాఱు కమానులు. చూచుటకు కిరీటమువలె నుండెను గాని, ఆ జులై 12న ఆల్ స్టార్ ఆట జరిగినపుడు అందు 105 డిగ్రీల ఫారెన్‌హీటు, అనగా మన లెక్కకు నలువది దాటిన ఎండ. రెంటచింతల ఎండ ఎఱిగిన మనకు ఆ అంకె వింత గాదు. కాని రెంటచింతలలో ఆ వేళకు తలుపులు వేసికొని ఇంటిపట్టున నుందుము, గాలి చొరని గిన్నెలో వేలమంది సరసన కూర్చుండము.

హూస్టన్ నగరమువారు మఱియొక త్రోవ త్రొక్కిరి. 1962 మొదలు మూడేండ్లు వారు కప్పులేని తాత్కాలికపు మైదానమున ఎండకును దోమలకును ఓర్చి ఆడిరి. పిమ్మట రాయ్ హాఫైన్జ్ అను నతని పట్టుదలచే మైదానమంతటిని ఒక్క గుమ్మటము క్రిందికి తెచ్చి, ఆస్ట్రోడోమ్ అని పేరిడి, 1965 ఏప్రిల్ 9న తెఱచిరి. లోపల చల్లని గాలి, మెత్తని కుర్చీలు. పచ్చిక బ్రతుకుటకై గుమ్మటమునకు 4,596 పారదర్శకపు పలకలు అమర్చిరి. పగటియాట మొదలిడినంతనే తెలియవచ్చిన దేమనగా, ఆ పలకల మెఱుపులో, ఇనుప చట్రముల చిక్కులో, పైకిపోయిన బంతి ఎవ్వరికిని కనబడదు. వెలుపల ఒక్క మూలనుండు ఎండమూల లోపల మైదానమంతయు అయినది. పలకలకు రంగు పూసిరి. బంతి కనబడెను, పచ్చిక చచ్చెను. చచ్చిన పచ్చికపై, వట్టి మట్టిపై, పచ్చరంగు చల్లి ఆ యేడు ఎట్లో గడపి, 1966లో కృత్రిమపు పచ్చిక పఱచిరి. ఆస్ట్రోటర్ఫ్ అను పేరు దానికి ఆ గుమ్మటము పెట్టినదే. పిదప కప్పులేని మైదానములు కూడ ఆ పచ్చికనే తెచ్చుకొనగా, అది ఎండకు పెనమువలె కాగి, ఆటగాండ్ర అరికాళ్ళను కాల్చెను. నిండు నీడ కొఱకు కనిపెట్టిన వస్తువు నిండు ఎండలో పడి పెట్టిన బాధ ఇది.

నీడయే ఎల్లవేళల మేలని తలచుట కూడ పొరపాటు. షికాగోలో, బోస్టన్‌లో ఏప్రిల్ మాసపు ఆటకు పోయినవాడు కప్పు క్రింద కూర్చున్నచో వణకిపోవును. పుష్యమాసపు ఉదయమున మన పల్లెలలో ముసలివారు గోడవారగ ఎండ పొడ వెదకుకొని కూర్చున్నట్లే, ఆ మాసమున తెలిసినవాడు మొదటి బేసు వైపునకే పోవును. చూచువానికి సుఖమైన నీడ ఆడువానికి గండమగుటయు కలదు. అక్టోబరు మాసపు పెద్ద పోటీలలో ఆట సాయంకాలమునకు కాస్త ముందు మొదలైనచో, కప్పు నీడ మొదట హోమ్ ప్లేటును కప్పి, అచ్చటినుండి అంగుళమంగుళముగ పిచ్చరు దిబ్బవైపు ప్రాకును. ఆ గంటసేపు పిచ్చరు ఎండలోను, బ్యాటరు నీడలోను నుందురు. తెల్లగ వెలుగుచు బయలుదేరిన బంతి నడిమిత్రోవలో చీకటి గీతను దాటి, బూడిదవన్నెయై వచ్చును. కన్ను సరిదిద్దుకొనునంతలో దాటిపోవును. పరుగులు రాక రెండు జట్లును ఆ గీత దిబ్బను దాటువఱకు కాచుకొనును. బ్యాటరు కంటిని కాపాడుటకే మైదానమును తూర్పునకు త్రిప్పిన పెద్దలు, వీపు వెనుక తామే లేపిన మేడల నీడ ఒకనాడు ఇట్లు అతని కాళ్ళలోనికి వచ్చునని ఎంచియుండరు.

టెక్సాసులో ఆర్లింగ్టన్‌వాసులకు 1994లో ఒక ముచ్చటైన స్టేడియము అమరినది. ఇటుకలు, కమానులు, పాతకాలపు పోలికలు, కుడి మూల బ్లీచర్లకు సయితము ఒక కప్పు. అయినను అచ్చటి వేసవికి జనులు నిలువలేకపోయిరి. ఇరువదియాఱేండ్లకే దానిని విడిచి, 2020లో, ప్రక్కనే, అవసరమైనపుడు జరుపగల కప్పుతో మఱియొక దానిని కట్టుకొనిరి. ఆ ప్రాంతమున తెలుగువారి కాపురములు వేలకొలది. వారాంతమున పిల్లలను వెంటబెట్టుకొని వచ్చి, అమ్మమ్మలకు నాయనమ్మలకు ఆట విడమరచి చెప్పుచు కూర్చుండువారు అక్కడ కొల్లలు. వారిలో ఎవరిని కదిపినను, ఆట గెలుపోటముల కంటె ముందు చెప్పునది ఆ కప్పు క్రింది చల్లదనమే. కప్పు మూసినచో దిక్కుతో పని లేదు. మా ప్రక్కన కూర్చున్న ఆ వృద్ధుని పెన్సిలు బాణమునకు అందు చోటు లేదు. మంచిదే. మనుమని తొడలు కాలవు.

అయినను నా మనస్సు మాత్రము కోషియెన్ కడకే పోవుచుండును. 1924 ఆగస్టు 1న తెఱచిన ఆ స్టేడియము పేరు మన ప్రభవాది షష్టి సంవత్సరములవంటి అరువదేండ్ల చక్రమున ఆ యేటికి గల పేరునుండి పుట్టినది. జపానువారి లెక్కలో అది చక్రమునకు మొదటి యేడు. ప్రతి ఆగస్టున, ఆ దేశపు నడివేసవిలో, దేశము నలుమూలలనుండి గెలిచి వచ్చిన ఉన్నతపాఠశాలల బాలురు అచ్చట ఆడుదురు. తొలుత హోమ్ ప్లేటు వైపు ఆసనములపై ఇనుప కప్పు ఉండెడిది. దానికి రెండు ప్రక్కల, 1929లో ఎత్తుగ లేపిన మెట్ల వరుసలు. ఆ మెట్లనిండ తెల్లచొక్కాల విద్యార్థులు కూర్చుండగా, ఎండలో అది మంచుకొండవలె మెఱయుట చూచి చిత్రకారుడు ఒకామోతో ఇప్పే ఆల్ప్స్ యని వార్తాపత్రికలో బొమ్మ వేసెను. నేటికిని వానికి ఆల్ప్స్ ఆసనములనియే పేరు. ఎండలో వెలసిన చెక్కను చూచి అమెరికావారు పెట్టిన పేరును, ఎండలో వెలిగిన చలువబట్టలను చూచి జపానువారు పెట్టిన పేరును ప్రక్కప్రక్కన పెట్టి చూచుకొనుట నాకు ఇష్టము. 1931లో ఆ కప్పును ఆల్ప్స్‌పైకి కూడ సాగదీసిరి. యుద్ధము దానిని కొనిపోయిన తరువాత, 1951లో, తేలిక లోహముతో మఱల మధ్యభాగమునకే కప్పు వేసి, వెండిగొడుగు అని పిలుచుకొనిరి. ఆల్ప్స్ ఎండలోనే యుండిపోయినది. తమ బడి గెలుపునకై బూరలూది, డప్పులు వాయించి, గొంతు చించుకొను పిల్లలు దాదాపు ఎనుబదేండ్లు ఆ ఎండలోనే నిలిచిరి. ఎండలు నానాటికి ముదురుటచే, 2024లో మొదటి మూడు దినముల ఆటలను ఉదయమునకును సాయంకాలమునకును విడదీసి, నడిమధ్యాహ్నమును విడిచిపెట్టిరి. వెండిగొడుగును మఱల ఆల్ప్స్ మెట్లపైకి పెంచుటకు ఇప్పుడు పథకము వేసికొన్నారు. ఆ పని పూర్తియైన వేసవిలో, తలపై నీడ వ్రాలిన ఆ మెట్లమీద, తెల్లచొక్కా తొడిగిన పిల్లవాడొకడు బూర పెదవికి ఆనించుట చూడవలెనని యున్నది.